పడుగు వాళ్లది, పేక మనది

(నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలనే చదవడానికి వీలుగా కొంచెం సరిచేసి ఇస్తున్నాను.)

అందరికీ నమస్కారం. పిల్లలు పక్క గదిలో ఆడుకుంటున్నారు, ఆ గోల ఇక్కడికి వినిపిస్తోంది. తలుపు వేయకండి, ఉండనివ్వండి. ఇవాళ నేను చెప్పబోయేదానికి ఆ గోల కావాలి.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ఎంతమంది ఇక్కడి నుంచి ఆమ్‌స్టెల్‌వేన్‌సెవెఖ్ రోడ్డు మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తుంటారు? చాలా చేతులు లేచాయి. రింగ్ రోడ్డు దాటాక, ఒలింపిక్ స్టేడియం ఇంకా రాకముందు, చెట్ల వెనక ఒక పొట్టి భవనం ఉంటుంది. బూడిద రంగు కాంక్రీటు, గోధుమ రంగు ఇటుక. రోడ్డు మీద నుంచి చూస్తే ప్రత్యేకంగా ఏమీ అనిపించదు. పైనుంచి తీసిన ఫొటో చూడండి, స్లైడ్ పెడుతున్నాను. ఇడ్లీ రేకులో గుంతలన్నీ బోర్లించినట్టు మూడొందలకు పైగా చిన్న చిన్న గుమ్మటాలు. వాటి మధ్యలో అక్కడక్కడా ఎనిమిది పెద్దవి.

అది అనాథ పిల్లల కోసం కట్టిన ఇల్లు. 1960లో పూర్తయింది. కట్టినాయన పేరు ఆల్డో వాన్ ఐక్. ప్రపంచంలో ఏ ఆర్కిటెక్చర్ కాలేజీలో చదివినా ఈ భవనం ఫొటో చూడకుండా బయటికి రారు. మనం మాత్రం రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్లి వస్తున్నాం.

ఈ భవనం గురించి, దాని వెనక ఉన్న మనుషుల గురించి చెప్పమని మన వాళ్లు అడిగారు. నాకు మొదట గుర్తొచ్చింది 2014 చివర్లో రాటర్‌డామ్‌లో చూసిన ఒక ఎగ్జిబిషన్. హెట్ న్యూవ ఇన్‌స్టిట్యూట్ అని అక్కడ ఆర్కిటెక్చర్ మ్యూజియం ఉంది. యుద్ధం తర్వాతి డచ్ ఆర్కిటెక్టుల డ్రాయింగులు, ఉత్తరాలు, నమూనాలు ఎన్నో అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆ ఏడాది వాళ్లు ‘స్ట్రక్చరలిజం’ పేరుతో ప్రదర్శన పెట్టారు. ఇవాళ నేను చెప్పబోయే ఆర్కిటెక్టుల ధోరణికి తర్వాత వచ్చిన పేరు అది. నేను డెల్ఫ్ట్‌లో ఆర్కిటెక్చర్ చదువుకున్నదాన్ని కాబట్టి వాళ్ల పేర్లన్నీ నాకు తెలిసినవే. మా పాపకి అప్పుడు నాలుగేళ్లు. దాన్ని కూడా తీసుకెళ్లాను.

లోపల బల్లల మీద చెక్క నమూనాలు, కాగితం నమూనాలు, గోడల మీద డ్రాయింగులు. చాలా బాగున్నాయి. నేను ఒక నమూనా దగ్గర వంగి, కళ్లు బల్ల ఎత్తుకి తెచ్చి, ఆ చిన్న స్తంభాల మధ్య నుంచి లోపలికి చూస్తున్నాను. పాప చెయ్యి చాచింది. ఒక చదరంలో వేలు పెట్టాలని. నేను గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపాను. మ్యూజియం కదా, ముట్టుకోకూడదు. అది నా వైపు చూసి, “మరి ఇందులో ఎవరుంటారమ్మా?” అంది.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎందుకంటే ఆ ఆర్కిటెక్టులు జీవితమంతా అడిగిన ప్రశ్న కూడా అదే. ఇందులో ఎవరుంటారు? ఉండేవాళ్లు ఏం చేస్తారు? వాళ్లు చేసుకోవడానికి మనం ఏం వదిలిపెట్టాం?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1940 మే 14న జర్మన్ విమానాలు రాటర్‌డామ్ మీద బాంబులు వేశాయి. కొద్ది నిమిషాల్లో నగరం నడిబొడ్డు పోయింది, సుమారు 80,000 మంది ఇళ్లు లేనివాళ్లయ్యారు. ఆమ్‌స్టర్‌డామ్ మీద అంత బాంబులు పడలేదు. అక్కడ జరిగింది వేరు. యూదుల్ని ఇళ్లల్లోంచి పట్టుకుపోయారు, వాళ్లలో అత్యధికులు తిరిగి రాలేదు. 1944-45 చలికాలంలో తిండి లేదు, బొగ్గు లేదు. జనం ఆ ఖాళీ ఇళ్లల్లోకి వెళ్లి తలుపులు, దూలాలు, మెట్లు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. దూలాలు పోయిన ఇళ్లు నిలబడతాయా? కూలిపోయాయి. యుద్ధం అయిపోయేసరికి పాత యూదుల పేటలో వీధి మధ్యలో పళ్లు ఊడిన నోరులా ఖాళీ జాగాలు.

అందరికీ ఇళ్లు కావాలి, వెంటనే కావాలి. ఇళ్ల కొరతని ఇక్కడ ‘ప్రజల మొదటి శత్రువు’ అనేవాళ్లు. అలాంటప్పుడు ఏ ప్రభుత్వమైనా ఏం చేస్తుంది? ఒకే రకం ప్లాను, ఒకే రకం కిటికీ, వరసగా అపార్ట్‌మెంట్లు. నేను వాళ్లని తప్పుపట్టను. వర్షంలో నిలబడ్డవాడికి ముందు కప్పు కావాలి. ఆ దారి చివరికి ఆమ్‌స్టర్‌డామ్ శివారులోని బైల్మర్మేర్ దాకా వెళ్లింది. 1960ల చివర్లో తేనెపట్టు ఆకారంలో పది అంతస్తుల బారులు కట్టారు. నివాసం ఒకచోట, రోడ్డు ఒకచోట, పచ్చిక ఒకచోట, దేనికది వేరు. కాగితం మీద ఎంతో శుభ్రంగా ఉంటుంది. వాటిలో చాలా వాటిని తర్వాత కూల్చాల్సి వచ్చింది.

ఈ దారి వద్దని మొదట అన్నది ఎవరు, ఎక్కడ అన్నారు అంటే, నేను ఏ పెద్ద భవనాన్నీ చూపించను. ఒక ఇసుక గుంత చూపిస్తాను.

వాన్ ఐక్ 1918లో పుట్టాడు, చిన్నతనం ఇంగ్లండులో గడిచింది, జూరిచ్‌లో చదువుకున్నాడు. 1946లో ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి మునిసిపాలిటీలో ఉద్యోగంలో చేరాడు. ఇంకా ముప్పై నిండలేదు. అక్కడ యాకోబా ముల్డర్ అనే ప్లానర్, పెద్దావిడ, ఆయనకి అప్పగించిన మొదటి పనుల్లో ఒకటి, దక్షిణ ఆమ్‌స్టర్‌డామ్‌లో బెర్టెల్మన్‌ప్లేన్ అనే చిన్న కూడలిలో పిల్లలు ఆడుకునే చోటు. 1947లో అయింది. అది చూసి పక్క పేటల వాళ్లు మునిసిపాలిటీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు: మా వీధిలో కూడా ఒక జాగా ఉంది, మాకూ ఒకటి కావాలి అని. ముప్పై ఏళ్లలో ఏడొందలకు పైగా కట్టారు. ఏడొందలు! కూలిన ఇళ్ల జాగాల్లో, కూడళ్లలో, రోడ్డు వెడల్పైన చోట మధ్యలో. డైక్‌స్ట్రాట్ అనే సన్నటి వీధిలో 1954లో కట్టినదానికి ముందూ వెనకా ఫొటోలు ఉన్నాయి, చూడండి. మొదటి దాంట్లో రెండు ఇళ్ల మధ్య శిథిలాలు, చెత్త. రెండో దాంట్లో అదే చోట పిల్లలు.

ఇందులో ఏమున్నాయి? కాంక్రీటు అంచుతో ఇసుక గుంత. గుండ్రటి కాంక్రీటు దిమ్మలు కొన్ని, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకడానికి. లోహపు గొట్టాలతో వంగిన చట్రాలు, ఎక్కడానికి, తలకిందులుగా వేలాడటానికి. అంతే. కంచె చాలాచోట్ల లేదు. ఏనుగు బొమ్మ లేదు, ఓడ బొమ్మ లేదు. ఎందుకు లేదో ఆలోచించండి. ఏనుగు బొమ్మ పెడితే అది ఏనుగే. వట్టి వంపు గొట్టం పెడితే అది ఇవాళ గుహ, రేపు బస్సు, ఎల్లుండి కొట్టు. పెద్దవాళ్లకి అదే సైకిల్ ఆనించుకుని మాట్లాడుకునే చోటు.

ఆ ఇసుక గుంత అంచు గురించి ఇంకొంచెం చెప్పాలి. మా అమ్మ తెనాలి నుంచి వేసవికి వచ్చినప్పుడు ఒకటి చూపించాను. అంచు జానెడు కాదు, బాగా వెడల్పు. నేల నుంచి మోకాలి కంటే కొంచెం తక్కువ ఎత్తు. మా పాప ఇసుకలో కూర్చుని ఆ అంచు మీద తడి ఇసుకతో అట్లు వేస్తోంది. పక్కనే ఒక డచ్ ముసలాయన కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఇద్దరు తల్లులు కాళ్లు లోపలికి వేలాడేసుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అమ్మ చేత్తో అంచుని ఒకసారి తుడిచి కూర్చుంది. కూర్చుని, “ఇది మన అరుగే కదే” అంది.

నేను కాలేజీలో రెండేళ్లు చదివిన సంగతి అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. వాన్ ఐక్‌కి ఎంతో ఇష్టమైన విషయం ఇదే: లోపలికీ బయటికీ మధ్య ఉండే చోటు. ఇంటివాడూ వీధివాడూ ఇద్దరూ తమదే అనుకునే చోటు. ఆయనా, ఆయన స్నేహితులూ దాన్ని ‘గడప’ అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచారు. ఆ మాట ముందు తెచ్చింది ఇంగ్లండు ఆర్కిటెక్టులు అలిసన్, పీటర్ స్మిత్‌సన్ దంపతులు. మనకి గడప అంటే పసుపు రాసి బొట్టు పెట్టే చోటు కాబట్టి, అదొక గీత కాదు, అదొక చోటు అని ఎవరూ మనకి వేరే చెప్పక్కర్లేదు.

1956లో డుబ్రోవ్నిక్‌లో ఆధునిక ఆర్కిటెక్టుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. సీయామ్ అంటారు దాన్ని. లె కార్బూజియే లాంటి వాళ్లు 1928లో మొదలుపెట్టిన సంస్థ. పెద్దవాళ్లందరూ నగరాల ప్లాన్లు తెస్తే, వాన్ ఐక్ ఈ ఇసుక గుంతల ఫొటోలు తీసుకెళ్లాడు. మంచు కురిసిన రోజు గురించి చెప్పాడు. మంచు పడితే కార్లు ఆగిపోతాయి, నగరం అంతా ఆ ఒక్కరోజు పిల్లలదైపోతుంది. కరిగిపోతే మళ్లీ వాళ్లకేమీ లేదు. మంచు కంటే ఎక్కువ కాలం నిలిచేది ఏదైనా వాళ్లకి ఇవ్వాలి కదా అని ఆయన వాదన. మూడేళ్ల తర్వాత, 1959లో, ఇక్కడే ఒటర్లోలో, క్రోలర్ ముల్లర్ మ్యూజియంలో జరిగిన సమావేశంతో ఆ మహాసభల కథే ముగిసిపోయింది. వాన్ ఐక్, రాటర్‌డామ్‌కి చెందిన యాప్ బాకెమా, స్మిత్‌సన్ దంపతులు, ఇంకొంతమంది కలిసిన చిన్న బృందం, టీమ్ టెన్ అనేవాళ్లు, పాత సంస్థని వదిలేసి తమ దారిన సాగారు.

అదే ఏడాది వాన్ ఐక్, బాకెమా, 27 ఏళ్ల హెర్మన్ హెర్ట్స్‌బర్గర్, ఇంకొందరు కలిసి ‘ఫోరమ్’ అనే పత్రిక సంపాదకత్వం తీసుకున్నారు. 1963 దాకా నడిపారు. వాళ్ల మొదటి సంచిక పేరు ‘ఇంకో ఆలోచన కథ’. వాన్ ఐక్‌కి సహారా ఎడారి ఊళ్లంటే కూడా ఎంతో ఆసక్తి. 1947 నుంచి అల్జీరియా వైపు వెళ్లి తిరిగాడు, 1960లో మాలీలో డోగాన్ ప్రజల ఊళ్లకి వెళ్లాడు. అక్కడ ఆర్కిటెక్టు అంటూ ఎవరూ లేరు. అయినా ఒకే రకం గది, ఒకే రకం మట్టి గోడ మళ్లీ మళ్లీ వస్తూ ఊరు తయారైంది, ఏ రెండు ఇళ్లూ ఒకటిగా లేవు. ఇక్కడ ప్రభుత్వం కట్టేవి కూడా ఒకే రకమే, మళ్లీ మళ్లీ వచ్చేవే. మరి అక్కడ ఉన్న ప్రాణం ఇక్కడ ఎందుకు లేదు? ఆయన్ని తొలిచింది అదే.

ఇప్పుడు మన పొట్టి భవనానికి రండి. ఆమ్‌స్టర్‌డామ్ అనాథ శరణాలయం చాలా పాతది. ముందు కల్వర్‌స్ట్రాట్‌లో ఉండేది. ఆ భవనమే తర్వాత, 1975లో, ఆమ్‌స్టర్‌డామ్ నగర చరిత్ర మ్యూజియం అయింది. వెనకటి రోజుల్లో అక్కడి పిల్లలు సగం ఎరుపు, సగం నలుపు బట్టలు వేసుకోవాలి. వీధిలోకి వస్తే వీళ్లు అనాథలని అందరికీ తెలిసేది. 1950లలో కొత్త భవనం కట్టాలనుకున్నప్పుడు డైరెక్టర్‌గా ఉన్న ఫ్రాన్స్ వాన్ మ్యూర్స్ ఈ పని వాన్ ఐక్‌కి ఇచ్చాడు. అప్పటిదాకా వాన్ ఐక్ ఇంత పెద్దది ఏదీ కట్టలేదు.

125 మంది పిల్లలు. పసికందుల నుంచి ఇరవై ఏళ్ల వాళ్ల దాకా. అంతమందికి ఒకే పెద్ద మేడ కడితే అది హాస్టల్ అవుతుంది, ఇల్లు కాదు. విడివిడిగా ఎనిమిది ఇళ్లు కడితే ఇల్లు అవుతుంది కానీ పిల్లలు ఒకళ్లకొకళ్లు దూరమైపోతారు. వాన్ ఐక్ ఏం చేశాడంటే, 3.36 మీటర్ల చదరం ఒకటి తీసుకున్నాడు. నాలుగు స్తంభాలు, పైన దూలాలు, కాంక్రీటు గుమ్మటం. ఆ చదరాన్నే పేర్చుకుంటూ పోయాడు. ఒక్కో వయసు పిల్లలకి ఒక్కో చిన్న ఇల్లు, ఒక్కోదానికి ఒక పెద్ద గుమ్మటం, దానికో పెరడు. ఇవన్నీ ఒక లోపలి వీధిని ఆనుకుని మెట్లు మెట్లుగా, ఐమూలగా జరుగుతూ ఉంటాయి.

ఆ లోపలి వీధి నాకు ఎంతో ఇష్టం. కప్పు కింద ఉన్నా అది వీధే. గోడలు బయటి గోడల్లాగే గరుకుగా ఉంటాయి. దీపాలు వీధి దీపాల్లా ఉంటాయి. మెత్తటి పరుపు, నునుపు గోడ, ఇవన్నీ ఒక్కో ‘ఇంట్లోకి’ అడుగు పెట్టాకే. అంటే అమ్మా నాన్నా లేని పిల్లాడికి కూడా “నేను బయట ఆడుకుని ఇంటికి వచ్చాను” అనుకునే అవకాశం ఉంది. రోజుకి పదిసార్లు ఇంటికి రావచ్చు. ఇది ఆలోచించిన మనిషి ఎంత ప్రేమగా ఆలోచించి ఉంటాడు! చిన్న పిల్లల చోట కాంక్రీటులో చిన్న చిన్న అద్దం ముక్కలు పొదిగాడు. పెద్దవాళ్లకి అవి కనపడవు. అంబాడే పిల్లాడికి, వంగి చూసే పిల్లాడికి తన ముఖం కనిపిస్తుంది.

ఇల్లు చిన్న ఊరిలా ఉండాలి, ఊరు పెద్ద ఇల్లులా ఉండాలి. లేకపోతే అది ఇల్లూ కాదు, ఊరూ కాదు. ఆయన ఎన్నో రకాలుగా చెప్పిన మాట ఇది. ఈ భవనంలో ఆ మాటని మనం నడిచి చూడొచ్చు.

అయితే ఆయన అనుకున్నట్టే అంతా జరగలేదు, అది కూడా చెప్పాలి. కొన్నేళ్లలోనే లోపల చాలా మార్చేశారు. పిల్లల సంరక్షణ గురించిన ఆలోచనలే మారిపోయాయి. 1980లలో కొంత భాగం కూల్చే దాకా వచ్చింది. హెర్ట్స్‌బర్గర్ ముందుండి ప్రపంచం నలుమూలల నుంచి ఆర్కిటెక్టుల మద్దతు కూడగట్టాడు. భవనం నిలిచింది. 1990లో అక్కడ బెర్లాఖ ఇన్‌స్టిట్యూట్ అనే ఆర్కిటెక్చర్ బడి పెట్టారు. 2014లో జాతీయ స్మారక కట్టడంగా గుర్తించారు, ఆ తర్వాత మళ్లీ పాత రూపానికి దగ్గరగా బాగుచేశారు. ఇప్పుడది ఆఫీసు. పిల్లలు లేరు. గోధుమ రంగు ఇటుకలు, గుమ్మటాలు అన్నీ ఉన్నాయి. అద్దాల ముందు వంగేవాళ్లు లేరు.

ఇప్పుడు హెర్ట్స్‌బర్గర్ గురించి చెప్పాలి. నాకు గురువుల్లో గురువు. క్లాసులో పాఠం చెప్పలేదు కానీ ఆయన కట్టినవి చూసే నేను ఈ పని నేర్చుకున్నాను. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు, 2012లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ గోల్డ్ మెడల్ ఇచ్చారు. ఆయన చెప్పిన ఒక పోలిక మనకి ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. భవనం నిర్మాణం అంటే మగ్గం మీద పడుగు లాంటిది అంటాడు. పడుగు, అంటే నిలువు దారాలు, గట్టిగా, బిగుతుగా, ఒకే రకంగా ఉండాలి. పేక, అంటే అడ్డదారం, ఎలా పడుతుందో, ఏ రంగు పడుతుందో నేతగాడి ఇష్టం. గుడ్డకి అందం పేకతో వస్తుంది, కానీ పడుగు లేకపోతే పేక నిలవదు. ఆర్కిటెక్టు పడుగు వేసి పక్కకి తప్పుకోవాలి. పేక ఆ ఇంట్లో ఉండేవాళ్లది.

ఇంకో విధంగా కూడా చెప్తాడు. భాష అందరిదీ ఒకటే, మాట ఎవరిది వాళ్లదే. మనందరికీ అక్షరాలు అవే యాభై ఆరు. అయినా ఇక్కడ కూర్చున్న వరంగల్ అక్కా, నేనూ, ఆ చివర శ్రీకాకుళం అన్నయ్యా నోరు తెరిస్తే ఎవరు ఏ ఊరో తెలిసిపోతుంది. భాష ఇరుకు కాలేదు, భాష వల్లే అది వీలైంది.

డెల్ఫ్ట్‌లో ఆయన కట్టిన మాంటిస్సోరి బడి ఉంది, 1966 నాటిది. హాలు నట్టనడుమ ఇటుకతో ఒక చదరపు దిమ్మ. అక్కడ ఎందుకుందో తెలియదు, నడవడానికి అడ్డం అనిపిస్తుంది. పిల్లలు మాత్రం దాని మీద కూర్చుంటారు, ఎక్కి నాటకం వేస్తారు, చుట్టూ మూగుతారు. చిన్న పిల్లల హాల్లో దీనికి సరిగ్గా తిరగేసి చేశాడు. నేలలో చదరపు గుంత. ఆ గుంత నిండా చెక్క పెట్టెల్లాంటి దిమ్మలు, పైకి నేలతో సమానంగా ఉంటాయి. పిల్లలు వాటిని పైకి తీస్తారు. తీసిన దిమ్మలు కుర్చీలు అవుతాయి, రైలు అవుతాయి, బురుజు అవుతాయి. ఖాళీ అయిన గుంతలోకి దిగి దగ్గర దగ్గరగా కూర్చుంటారు. సాయంత్రం అన్నీ తిరిగి పెట్టేస్తే మళ్లీ మామూలు నేల. ఆర్కిటెక్టు ఒక గుంత తవ్వాడు, అంతే. రోజుకో భవనం పిల్లలు కట్టారు.

అపెల్‌డోర్న్‌లో 1972లో సెంట్రాల్ బెహేర్ అనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఆఫీసు కట్టాడు. వెయ్యి మంది ఉద్యోగులు. తొమ్మిది మీటర్ల చదరాలు, వాటి మధ్య పైనుంచి వెలుతురు పడే సందులు, ప్రతి చదరంలో మూల మూలకీ కొద్దిమంది కూర్చునే చోట్లు. గోడలకి పూత లేదు, రంగు లేదు, వట్టి కాంక్రీటు దిమ్మెలు. సగంలో ఆపేశారా అనిపించేలా ఉంటుంది. ఆయన కావాలనే ఆపాడు. ఉద్యోగులు ఇంటి నుంచి మొక్కలు తెచ్చుకున్నారు, పోస్టర్లు తగిలించుకున్నారు, పిల్లల ఫొటోలు పెట్టుకున్నారు. అప్పటి ఫొటోల్లో ఆ కాంక్రీటు కనిపించనంత పచ్చదనం. మన ఐటీ వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. రోజూ పొద్దున ఏ సీటు ఖాళీగా ఉంటే అందులో కూర్చుని, సాయంత్రం బల్ల మీద పెన్ను కూడా మిగల్చకుండా రావాల్సిన ఆఫీసులు మీకు తెలుసు. ఏభై ఏళ్ల కిందటే ఒకాయన, మనిషి రోజులో ఎనిమిది గంటలు గడిపే చోట తన కుండీ పెట్టుకునే హక్కు ఉండాలని దానికోసమే ఒక భవనం కట్టాడు. దాంట్లో దారి తప్పడం సులువు, గుమ్మం ఎక్కడో వెతుక్కోవాలని విమర్శ ఉండేది, అది నిజమే. కంపెనీ వెళ్లిపోయాక ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. మొక్కలు లేని ఆ కాంక్రీటు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

డెల్ఫ్ట్‌లోనే 1971లో డయాగూన్ అని ఎనిమిది ఇళ్లు కట్టాడు. వాటిలో ఏది పడకగదో, ఏది వంటగదో ముందే తేల్చలేదు. మధ్యలో ఖాళీ, దాని చుట్టూ సగం సగం అంతస్తులు. కొనుక్కున్నవాళ్లే తేల్చుకోవాలి. పిల్లలు పుట్టాక ఒకలా, వెళ్లిపోయాక ఇంకోలా.

‘స్ట్రక్చరలిజం’ అన్న పేరు వీళ్లు పెట్టుకున్నది కాదు. 1970లలో, ముఖ్యంగా ఆర్నుల్ఫ్ లూకింగర్ రాతల వల్ల స్థిరపడింది. వాన్ ఐక్‌కి ఆ ముద్ర నచ్చలేదు. పేరు సంగతి ఎలా ఉన్నా, అందరినీ ఒకే గాటన కట్టలేం. పీట్ బ్లోమ్‌ని చూడండి. వాన్ ఐక్ శిష్యుడు, 1934లో పుట్టినవాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని యొర్దాన్ పేట కుర్రాడు. 1962లో ‘నోవా ఓడ’ అనే ప్లాను వేశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌కీ హార్లెమ్‌కీ మధ్య 10 లక్షల మందికి, ఒకే అల్లికగా పెరిగిపోయే ఊరు. వాన్ ఐక్ గర్వంగా తీసుకెళ్లి టీమ్ టెన్ వాళ్లకి చూపిస్తే స్మిత్‌సన్ దంపతులు చీల్చి చెండాడారు. అంతా ఒకే అల్లిక అయితే మనిషికి చోటేది అన్నది వాళ్ల భయం. ఆ విమర్శ కటువుగా ఉన్నా, అందులో నిజం ఉందని నాకు అనిపిస్తుంది. పడుగే గుడ్డంతా అయిపోతే పేక ఎక్కడ పడాలి?

అదే బ్లోమ్ రాటర్‌డామ్‌లో 1984లో పూర్తిచేసిన పసుపు క్యూబ్ ఇళ్ల దగ్గర మనందరం ఫొటోలు దిగాం. నేను ఒకటి లోపలికి వెళ్లి చూశాను, ఒక క్యూబ్‌ని చూపించడానికే తెరిచి ఉంచారు. గోడలన్నీ వాలుగా ఉంటాయి, నేల వైశాల్యంలో దాదాపు పావు వంతు పనికిరాదు. బీరువా పెట్టాలంటే ఆ గోడకి సరిపోయేలా చేయించుకోవాలి. చూడటానికి అద్భుతం. కానీ అందులో ఉండేవాడు ఇంటికి తగ్గట్టు మారాలి, ఇల్లు వాడికి తగ్గట్టు మారదు. నాకు బ్లోమ్ హెంగెలోలో 1973లో ముగించిన ‘కస్బా’ ఎక్కువ ఇష్టం. 184 ఇళ్లు, అన్నీ స్తంభాల మీద ఎత్తి, కింద నేలంతా ఊరికి వదిలేశాడు, సంత జరుగుతుందని, పిల్లలు ఆడతారని. అనుకున్నంత సందడి రాలేదు, చాలా భాగం కార్లు నిలపడానికే పోయింది. అయినా ఆ మనసు నాకు నచ్చుతుంది.

ఒక్క విషయం మన వైపు నుంచి. 1969లో పెరూ రాజధాని లీమాలో పేదల ఇళ్ల కోసం ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ఒక పోటీ జరిగింది. ప్రెవి అంటారు. ఉన్న డబ్బుతో చిన్న ఇల్లు కట్టివ్వడం, కుటుంబం పెరిగేకొద్దీ వాళ్లే పెంచుకోవడం, అదీ ఆలోచన. వాన్ ఐక్ అక్కడ ఇళ్లు గీశాడు. ఆయనతోపాటు ఇండియా నుంచి పిలిచినాయన చార్లెస్ కొరియా, సికింద్రాబాద్‌లో 1930లో పుట్టినవాడు, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసు కట్టినవాడు. ఇద్దరి ఇళ్లూ ఒకే పేటలో లేచాయి. ఇప్పుడు అక్కడికి వెళ్తే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. మీద అంతస్తులు లేచాయి, ముందు కొట్లు వచ్చాయి. కొంతమంది ఆర్కిటెక్టులు అది చూసి బాధపడతారు. నాకు మాత్రం ఈ ఉద్యమం మొత్తంలో బాగా నెగ్గిన చోటు అదేననిపిస్తుంది.

మళ్లీ ఎగ్జిబిషన్ దగ్గరికి వస్తాను. మా పాప అడిగిన ప్రశ్నకి ఆ నమూనాలు జవాబు చెప్పలేవు, అది వాటి తప్పు కాదు. మ్యూజియం పడుగుని చూపించగలదు. పేకని గాజు కింద పెట్టలేం. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియం వాళ్లు వాన్ ఐక్ ఆట స్థలాల మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. అప్పటికే ఏడొందల్లో చాలా కొద్ది మాత్రమే మొదటి రూపంలో మిగిలాయి. నేను అది చూడలేదు, దాని పుస్తకం చూశాను. పాత ఫొటోలు చూస్తుంటే మనసు కలుక్కుమంది. ఎవరూ కుట్ర చేయలేదు. కార్లకి జాగా కావాల్సి వచ్చింది, కొత్త రకం ఊయలలు వచ్చాయి, ఒక్కొక్కటీ తీసేశారు.

కానీ రైక్స్‌మ్యూజియం 2013లో తిరిగి తెరిచినప్పుడు దాని తోటలో వాన్ ఐక్ ఎక్కుడు చట్రాలు కొన్ని పెట్టారు. లోపల రెంబ్రాంట్ ముందు తాడు ఉంటుంది, దూరంగా నిలబడాలి. బయట ఇవి ఉన్నాయి, ఎక్కొచ్చు. రాటర్‌డామ్ నుంచి వచ్చిన తర్వాతి వారం పాపని అక్కడికి తీసుకెళ్లాను. గొట్టం చల్లగా ఉంది, ముందురోజు వాన. రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకి వేసి, తలకిందులుగా వేలాడింది. జడ నేలకి తగులుతోంది. “అమ్మా, మ్యూజియం తిరగబడింది” అని అరిచింది. పక్క గొట్టం మీద ఉన్న ఒక డచ్ పిల్ల దాన్ని చూసి తనూ అలాగే వేలాడింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

వచ్చే ఆదివారం వాన లేకపోతే అక్కడికే వెళ్దాం. తోటకి టికెట్ లేదు. పదింటికి ముందు అనాథ శరణాలయం బయట ఒకసారి ఆగుదాం, లోపలికి వెళ్లలేకపోయినా ఆ గోడ వెంట నడుద్దాం. పిల్లలకి మాసిపోయినా ఫర్వాలేని బట్టలు వేయండి. పెద్దవాళ్లు కూర్చోవడానికి చాపలు అక్కర్లేదు, కానీ పులిహోర ఎవరు తెస్తారో ఇప్పుడే చెప్పుకుందాం. సరే, ఆ తలుపు ఇంకొంచెం తీయండి, పిల్లల్ని కూడా అడుగుదాం.